నాకు ‘ప’ నేర్పిన టీచరమ్మ

మొన్న మంగళవారం పొద్దున కాఫీ గ్లాసు కడిగి బోర్లిస్తుండగా ఎమ్మిగనూరు నుంచి ఫోను వచ్చింది. తెలియని నంబరు. అవతల ఎవరో ఆడమనిషి.

“పద్మమ్మగారేనా? మేము టీచరమ్మ పక్కింటోళ్ళం. టీచరమ్మ పోయినాదమ్మా. పొద్దున్నే నీళ్ళిద్దామని పోతే లేయలేదు. మీ నంబరు గోడ మీద రాసి పెట్టుకున్యాది. ఇంకెవురికి సెప్పాల్నో మాకు తెలీదు.”

“వస్తున్నాను” అన్నాను. ఫోను పెట్టేశాక ఇంట్లో ఎవరికైనా చెబుదామని ఇటు తిరిగాను. నా ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరన్న సంగతి ఆ ఒక్క క్షణం మరిచిపోయాను.

తొంభై దాటిన మనిషి. అకాల మరణమని ఎవరూ అనరు. ఆమె పోయిన వార్త ఏ పత్రికలోనూ రాదు. పెళ్ళి లేదు, పిల్లలు లేరు, ఉన్న ఒక్క చెల్లెలు ఎప్పుడో పోయింది. ఆమె ఏం చేసిందో దగ్గరగా తెలిసినవాళ్ళలో బహుశా నేనే మిగిలాను. అందుకని రాస్తున్నాను. అందరూ ఆమెను టీచరమ్మ అనేవాళ్ళు. నేనూ అట్లాగే అంటాను.

నేను అంగిలి చీలి పుట్టాను. పెదవి మామూలుగానే ఉండేది కాబట్టి పైకి ఏమీ తెలిసేది కాదు. పాలు తాగితే ముక్కులోంచి వచ్చేవట. గ్రహణం నాడు మా అమ్మ కూరగాయలు తరిగిందని, అందుకే నేనిట్లా పుట్టానని మా అవ్వ నమ్మేది. అమ్మ ఎదురు చెప్పేది కాదు. చెప్పకపోవడమే కాదు, తనూ నమ్మిందనుకుంటాను. నన్ను చూసినప్పుడల్లా ఆమె కళ్ళు కిందికి వాలేవి.

నాకు ఐదేళ్ళప్పుడు నాయన నన్ను రైల్లో మద్రాసు తీసుకుపోయి ఆపరేషన్ చేయించాడు. కుట్లు మానాయి. పాలు ముక్కులోంచి రావడం ఆగింది. మాట మాత్రం మారలేదు. “ఇంక మాటలు నేర్పించుకోండి” అన్నాడట డాక్టరు. ఎవరు నేర్పుతారో ఆయన చెప్పలేదు, నాయన అడగలేదు.

నోట్లోంచి రావలసిన గాలి నాకు అలవాటుగా ముక్కులోంచే వచ్చేది. పప్పు అడిగితే ‘మమ్ము’ అని, బెల్లం అడిగితే ‘మెల్లం’ అని పలికేదాన్ని. ‘క’ అనబోతే గొంతులో ఎక్కిలి లాంటి చప్పుడు ఒకటి వచ్చేది. నా పేరు పద్మ. నేను చెప్పుకుంటే అది ‘మన్మ’. అమ్మ, నాయన అనే రెండు మాటలూ మాత్రం చక్కగా వచ్చేవి. అందుకే రెండేళ్ళు నిండేదాకా నా మాటలో తేడా ఉందని ఎవరూ కనిపెట్టలేదట.

ఆదోనిలో మాది పత్తి వ్యాపారం చేసే ఉమ్మడి కుటుంబం. ఇంట్లో పద్నాలుగు మందిమి. అంత మందిలో నాతో కూర్చుని మాట్లాడేవాళ్ళు ఒక్కరూ లేరు. ప్రేమ లేక కాదు. నన్ను ఏదైనా అడిగితే నేను జవాబు చెబుతాను. అది అర్థం కాదు. మళ్ళీ అడగాలి. మళ్ళీ అర్థం కాదు. వాళ్ళకూ నాకూ ఆ ఇబ్బంది ఎందుకని మెల్లగా అడగడం మానేశారు. అన్నం పెట్టేవాళ్ళు, తల దువ్వేవాళ్ళు, జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి వేసి చూసేవాళ్ళు. అన్నీ మాటల్లేకుండానే జరిగిపోయేవి. మధ్యాహ్నాలు మిద్దె మీద కూర్చుని, కింద పత్తి మూటల బండ్లు ఒకదాని వెనక ఒకటి పోతుంటే చూసేదాన్ని. బండివాళ్ళు ఎద్దులతో కూడా ఏవేవో మాట్లాడుతూ పోయేవాళ్ళు.

బళ్ళోనూ అంతే. చదివే వరుస నా దగ్గరికి వచ్చేసరికి నన్ను దాటి పక్కపిల్ల మీదికి పోయేది. నేను పుస్తకంలో వేలు పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆ వేలు ఏ అక్షరం మీద ఉందో నాకే తెలియదు.

టీచరమ్మ మా బడికి వచ్చింది మా ఆదోని బళ్ళారి జిల్లాను విడిచి కర్నూలు జిల్లాలో కలిసిన మరుసటి సంవత్సరం. పక్కగదిలో ఇంకా కన్నడ పాఠాలు వల్లె వేస్తున్నారు. ఆమెకు అప్పుడు పాతికేళ్ళుంటాయేమో. సన్నగా, పొడుగ్గా, ఎమ్మిగనూరు నేత చీర కట్టుకుని ఉండేది. మొదటి రోజే నన్ను లేపి చదవమంటుందేమోనని భయపడ్డాను. లేపలేదు. ఆటల గంటలో నేను గోడవార కూర్చుంటే వచ్చి పక్కనే నేల మీద కూర్చుంది.

“నీతో మాట్లాడొచ్చునా?” అని అడిగింది.

నన్ను అట్లా అడిగినవాళ్ళు అంతకు ముందు ఎవరూ లేరు. తలూపాను.

ఆ వారమంతా ఆమె ఏదో ఒకటి అడిగేది, నేను ఏదో చెప్పేదాన్ని. నేను మాట్లాడుతున్నప్పుడు నా నోటివంక చూసేది కాని, మాట కోసం వెతుక్కుంటున్నప్పుడు మాత్రం చూపు తిప్పుకుని గోడనో చెట్టునో చూసేది. ఎందుకో చాలా ఏళ్ళకు తెలిసింది. కళ్ళలోకి చూస్తూ కాచుకుంటే పిల్లలకు తొందర పెట్టినట్లుంటుందని. ఎవరి మాటనూ ఆమె మధ్యలో అందుకుని పూర్తి చేసేది కాదు. “నాకేం తొందర లేదు పాపా” అనేది. నా జీవితంలో నేను ఎక్కువసార్లు విన్న మాట అదే.

వారం తర్వాత ఆదివారం నాడు ఒక కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. నాయన వసారాలో కూర్చుని ఉన్నాడు. నేను తలుపు చాటున నిలబడ్డాను.

“అన్నా, మీ పాప కాడ నలభై మాటలుండాయి” అంది కాగితం చూపిస్తూ. “అమ్మ, నాయన, నేను, మేము, వాన, నూనె, మల్లె, ఎనుము. అన్నీ శుభ్రంగా పలుకుతాది. ఏమేమి రావో అందరూ సెప్పినారు. ఏమేమి వస్తాయో ఎవురూ రాసుకోలేదు.”

నాయన కాగితం తీసుకుని చాలాసేపు చూశాడు. “హెడ్మాస్టరు వేరే మాట సెప్పినాడు టీచరమ్మా. పుస్తకం బయటికి సదవకపోతే మూడో తరగతికి పంపీడంట. ఆడపిల్లను ఇంట్లో పెట్టుకోమన్నాడు.”

“నాలుగు నెల్లు నాకియ్యండి. బడి అయినాక గంటసేపు నా గదికి పంపీండి.”

“మాట్లాడేది నేర్పుతారా, సదివేది నేర్పుతారా?”

“రెండూ ఒకటేనన్నా ఈ పాపకు. మనం ప అంటాం, ఈ పాప మ అంటాది. తన సెవికి రెండూ ఒకటే మాదిరి ఉంటాయి. పలక మీద రాస్తే ప వేరే, మ వేరే. కంటికి తేడా తెలిస్తే సెవికి తెలుస్తాది. సెవికి తెలిస్తే నోటికి వస్తాది.”

నాయనకు ఇది ఎంత అర్థమైందో నాకు తెలియదు. ఒప్పుకున్నాడు.

టీచరమ్మ స్టేషను దగ్గర ఒక చిన్న గదిలో అద్దెకుండేది. ఒక చాప, కిరోసిన్ స్టవ్వు, గోడకు ఒక అద్దం. ఆ అద్దం ముందు నన్ను కూర్చోబెట్టి అక్షరాలు చూపించింది. అందరు పిల్లల్లాగా అ ఆ ల నుంచి వరుసగా కాదు. నా నోటికి వచ్చే అక్షరాలతో మొదలుపెట్టింది. మ, న, ల, వ, య. పలక మీద ‘వాన’ అని రాసి, చదవమంది. చదివాను. ‘నాయన’ అని రాసింది. చదివాను. ‘మన వాన’, ‘నేను, నాయన’. ఒక్కటీ తప్పు పోలేదు. ఏడేళ్ళ పిల్లను, నేను చదివితే తప్పు కాకపోవడం అదే మొదటిసారి. ఆ సాయంత్రం ఇంటికి పరుగెత్తి గోడ మీద బొగ్గుతో ‘నాయన’ అని రాశాను. అవ్వ తిట్టింది. నాయన దాన్ని చెరపనియ్యలేదు.

తర్వాత చింతగింజలు తెచ్చింది. ఒక మాట అని, అందులో ఎన్ని ముక్కలు వినపడితే అన్ని గింజలు పెట్టమనేది. ‘పత్తి’ అంటే రెండు. ‘జొన్నరొట్టె’ అంటే నాలుగు. మాట అంటే ఒకే ముద్ద అనుకునేదాన్ని. దానిలో కీళ్ళున్నాయని, ఒక్కొక్క కీలునూ విడదీసి చూడొచ్చని ఆ గింజలతోనే తెలిసింది. ఒకసారి అక్షరాల పట్టిక తీసి ఒక్కొక్క వరుసా చూపించింది. “సూడు పాపా, క గొంతు కాడ పుడ్తాది. అక్కడి నుంచి ఒక్కో వరుసా ముందుకొచ్చి ప కాడికి పెదాల మీదికి వస్తాది. ప్రతి వరుసలో కడపటిది ముక్కుతో పలికేది. నువ్వు అన్ని వరుసల్లో కడాకు పోయి కూర్చున్యావు. అంతే. నిన్ను మొదటికి పిలుసుకు రావాల.”

అక్షరాలు పుట్టే చోట్లు చూసుకుంటూ నన్ను పిలుచుకు రావడం అంత సులభం కాలేదు. ‘ప’ తో మొదలుపెట్టాం. నా అరచేతిలో దూదిపింజ పెట్టి పెదవుల ముందు పట్టుకోమనేది. పెదవులు మూసి గాలి బిగబట్టి ఒక్కసారి వదలమనేది. గాలి నోట్లోంచి వస్తే దూది ఎగరాలి. నేను ‘మ’ అనేదాన్ని. దూది కదిలేది కాదు. తన ముక్కు తను మూసుకుని చూపించేది, నా ముక్కు నన్ను మూసుకోమనేది. ముక్కు మూస్తే ‘ప’ వచ్చేది, వదిలితే పోయేది. రోజూ అంతే. స్టేషనులో గూడ్సు బండ్లు వచ్చేవి, పోయేవి. గదిలో మేమిద్దరమే, మధ్యలో కదలని దూదిపింజ.

రెండో నెల చివర్లో ఒక సాయంత్రం అది ఎగిరింది. ముక్కు మూసుకోలేదు. దూది నా చేతిలోంచి లేచి చాప మీద పడింది. నేను బిత్తరపోయి ఆమె వంక చూశాను. ఆమె చప్పట్లు కొట్టలేదు, మెచ్చుకోలేదు. దూదిని తీసి మళ్ళీ నా చేతిలో పెట్టింది. “ఇంకోసారి” అంది.

ఆ తర్వాత జరిగింది చెప్పకుండా ఈ కథ పూర్తి కాదు.

బడికి తనిఖీ వచ్చింది. కోటు వేసుకున్న ఇన్‌స్పెక్టరు మా తరగతిలోకి వచ్చి, వరుసగా పిల్లల్ని చూసి, వేలు నావైపు పెట్టాడు. “నువ్వు చదువు.” హెడ్మాస్టరు ముఖం మాడిపోయింది. టీచరమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. ‘ఆ పాపను వదిలేయండి’ అని ఆమె అంటుందని ఎదురుచూశాను. అనలేదు.

పుస్తకంలో ఉన్నది ‘పాప పలక పట్టింది’ అని. నాకు వచ్చిన వాక్యమే. ఆ గదిలో, ఆ దూదితో, చాలాసార్లు అన్నదే. కాని భయానికి గాలి ఎటు పోయిందో తెలియదు. ‘మామ మల’ అని ఏదో వచ్చింది. ముందు ఒక పిల్ల నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. ఇన్‌స్పెక్టరు “సరే, కూర్చో” అన్నాడు. ఆయన గొంతు మెత్తగానే ఉంది. అదే ఎక్కువ బాధ పెట్టింది.

ఆ రోజు నుంచి నేను మాట్లాడటం మానేశాను. వచ్చిన ‘ప’ ఒక్కటే కాదు, ఆ నలభై మాటలు కూడా. నాయనను నాయనా అని పిలవలేదు. ఆయన పత్తి మండీ నుంచి వచ్చి నా ముందు కూర్చుని, “ఏమ్మా? నాయనా అను” అని బతిమాలాడు. నోరు తెరవలేదు.

పదో రోజు ఆయనే టీచరమ్మను పిలిపించాడు. “సాలు టీచరమ్మా. మీ మీద కోపం లేదు. ఉన్న మాటలు కూడా పోయినాయి. ఇంక దాని మానాన దాన్ని ఉండనీండి.”

“ఆ పొద్దు నేను అడ్డం పడాల్సిందేమో అన్నా” అంది టీచరమ్మ. “పడితే, నీకు రాదులే అని అందరి ముందర నేనే సెప్పినట్లయితాదని ఊరుకుంటి. తప్పు సేసినానో లేదో నాకే తెలీలేదు. రేపు ఆదివారం ఒక్కరోజు పాపను నాతో ఎమ్మిగనూరు పంపీండి. ఆ తర్వాత మీరెట్ల అంటే అట్ల.”

నాయన నా వంక చూశాడు. నేను నేల చూశాను. సరేనన్నాడు.

ఆమె ప్రతి ఆదివారం ఎమ్మిగనూరు పోతుందని అందరికీ తెలుసు. ఎందుకో ఎవరూ అడగలేదు. బస్సులో ఆమె నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టింది. దారి పొడవునా ఎండిన చేలు, మధ్య మధ్య రాళ్ళ గుట్టలు.

నేతవాళ్ళ వీధిలో ఒక చిన్న ఇల్లు. లోపల ఆమె తల్లి మగ్గం గుంటలో కూర్చుని ఉంది. మగ్గం టకటకలతో ఇల్లంతా నిండిపోయింది. అవతలి మూల ఒక అమ్మాయి, ఇరవై ఏళ్ళుంటాయి, రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది. మేము గడప దాటినా తల ఎత్తలేదు. టీచరమ్మ పోయి ఎదురుగా నిలబడ్డాక చూసి నవ్వింది.

“మా సెల్లెలు” అంది టీచరమ్మ నాతో. “మీరిద్దరూ కూసోండి. నేను అంగడికి పోయొస్తా.”

నన్ను అక్కడ వదిలి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి నా ముఖం చూసింది. చెయ్యి నోటి దగ్గరికి తీసుకుపోయి, ఆకలా అన్నట్టు సైగ చేసింది. ఆకలిగానే ఉంది. పది రోజులుగా మూసుకున్న నోరు, నాకు తెలియకుండానే తెరుచుకుంది.

“మమ్ము” అన్నాను.

ఆమె లేచి లోపలికి పోయింది. గిన్నెలో అన్నం, దాని మీద పప్పు వేసుకుని వచ్చింది.

నేను గిన్నెను, ఆమెను మార్చి మార్చి చూశాను. మా ఇంట్లో పద్నాలుగు మందిలో ఎవరికీ అందని మాట. యాదృచ్ఛికమేమో అనుకున్నాను. “మెల్లం” అన్నాను. ఆమె చిన్న బెల్లం ముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది.

అన్నం తిన్నాక ఆమె పలక తీసి ‘నీ పేరేమి?’ అని రాసింది. చదవగలిగాను. ఆ అక్షరాలు నాకు తెలుసు. నోటితోనే చెప్పాను, ఎప్పటిలాగే, “మన్మ” అని. ఆమె నా పెదవులను చూసి, ఒకసారి తనూ పెదవులు కదిపి, పలక మీద ‘పద్మ’ అని రాసి నావైపు తిప్పింది.

నా పేరు నేను చెబితే అందుకున్న మొదటి మనిషి ఆమె. పలకను రెండు చేతులా పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

తర్వాత బలపం నేను తీసుకున్నాను. వంకరటింకరగా, గుణింతాలు తప్పులతో, ‘నా మాట ఎట్ల తెలిసె’ అని రాశాను. ఆమె ‘పెదాలు చూసినా. నాకు చెవులు వినపడవు’ అని రాసింది. నేను ‘బళ్ళో నవ్వినారు’ అని రాశాను. ఆమె అది చదివి, నా వంక చూసి, చెరిపి, నిదానంగా రాసింది. ‘నాకు నవ్వు వినపడదు. నువ్వు చెప్పు.’

చెప్పాను. ఇన్‌స్పెక్టరు కోటు, తలుపు దగ్గర నిలబడ్డ టీచరమ్మ, ముందు నవ్విన పిల్ల, అన్నీ. ముక్కుతో, ఎక్కిళ్ళతో, ఏడుస్తూ. ఆమె ఒక్క మాట వదలకుండా నా పెదవులు చూస్తూ విన్నది. అర్థం కాని చోట పలక నా చేతికిచ్చేది, నేను ఆ మాట రాసేదాన్ని. చదువు ఎందుకో నాకు ఆ మధ్యాహ్నం తెలిసింది. నా నోరు చేరలేని చోటికి నా చెయ్యి చేరుతుందని.

తిరుగు బస్సులో టీచరమ్మ చెప్పింది. ప, బ, మ మూడింటికీ పెదవులు ఒకేలా మూసుకుంటాయి. ద, న కూడా చూపుకు ఒకేలా ఉంటాయి. పెదవులు చూసి అర్థం చేసుకునేవాళ్ళకు నా ‘మమ్ము’, అందరి ‘పప్పు’ ఒకటే. “నీ పెదాలు ఎప్పుడూ సరిగ్గానే పలుకుతాండాయి పాపా. గాలొక్కటే దారి తప్పింది. మా సెల్లెలికి నువ్వు అందినావు. సెవులుండేవాళ్ళకు అందాలంటే ఇంకా కష్టపడాల. పడతావా?”

“ఊ” అన్నాను.

అప్పుడే తన సంగతి కొంత చెప్పింది. చెల్లెలికి మూడేళ్ళప్పుడు జ్వరం వచ్చి చెవులు పోయాయి. మద్రాసులో చెవిటి పిల్లల బడి ఉందని ఎవరో చెబితే, పదహారేళ్ళ వయసులో తనే చెల్లెల్ని తీసుకుపోయింది. దగ్గర ఉండటానికి అదే బళ్ళో ఆయాగా చేరింది. పాఠాలు జరుగుతుంటే తలుపు బయట కూర్చుని వినేది, చూసేది. నాతో చేసినవన్నీ అట్లా నేర్చుకున్నవే. టీచరు శిక్షణ ఆ తర్వాత, ఊరికి తిరిగి వచ్చాక చేసిందే. “నాకెవురూ నేర్పలేదు. సూసి దొంగిలించినా” అంది నవ్వుతూ. ఆ నవ్వు వెంటనే ఆగిపోయింది. “ఆ ఊళ్ళో ఆరేండ్లున్యాను. మా సెల్లెలు తప్ప నాతో మాట్లాడేవాళ్ళు లేరు. దానికేమో వినపడదు.”

ఆదోనిలో బస్సు దిగేటప్పటికి నాయన నిలబడి ఉన్నాడు. “నాయనా” అన్నాను. ఆయన నన్ను ఎత్తుకున్నాడు. ఎనిమిదేళ్ళు రాబోతున్న పిల్లను, బజారులో, అందరూ చూస్తుండగా.

నాలుగు నెలలన్నది రెండేళ్ళు పట్టింది. ‘ప’ తర్వాత ‘బ’. తర్వాత త, ద. ట, డ చాలా ఏడిపించాయి. ‘క’ అన్నిటికన్నా చివర వచ్చింది. హెడ్మాస్టరు ఆ సంవత్సరం నన్ను మూడో తరగతికి పంపలేదు. మరుసటి సంవత్సరం పంపాడు. ఆ రోజు ఆయన నా చదువు విని “సరే” అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు.

నాకు గుర్తుండిపోయింది వేరే రోజు. ఆస్పరి నుంచి మా మేనత్త కార్డు రాసింది. మగవాళ్ళంతా మండీలో ఉన్నారు. అవ్వకు చదువు రాదు. కార్డు చేతిలో పట్టుకుని ఇటూ అటూ తిరుగుతోంది. నేను తీసుకుని చదివాను. వానలు పడ్డాయని, శనగ విత్తారని, పెద్ద కోడలికి ‘బిడ్డ పుట్టింది’ అని. ఆ రెండు మాటల్లోనూ నాకు కష్టమైన అక్షరాలే ఉన్నాయి.

“ఏందీ? ఇంకోసారి సదువు” అంది అవ్వ.

అర్థం కాలేదనుకున్నాను. మళ్ళీ నిదానంగా చదివాను.

“ఇంకోసారి.”

మూడోసారి చదువుతుంటే చూశాను. అవ్వ కళ్ళు మూసుకుని నవ్వుతోంది. ఆమెకు మొదటిసారే అర్థమైంది. మంచి వార్త కాబట్టి మళ్ళీ మళ్ళీ వింటోంది. వంటింటి గుమ్మంలో మా అమ్మ నిలబడి ఉంది. తల ఎత్తి, నేరుగా నా ముఖంలోకి చూస్తూ.

నేను ఐదో తరగతిలో ఉండగా టీచరమ్మ తల్లి చనిపోయింది. చెల్లెలు ఒంటరిదైందని టీచరమ్మ ఎమ్మిగనూరుకు బదిలీ చేయించుకుంది. బస్సు దగ్గర నేను ఏమేమో చెప్పాలనుకున్నాను. తీరా సమయానికి ఏమీ రాలేదు. ఆమె ఎప్పటిలాగే చూపు తిప్పుకుని, బస్సు చక్రం వైపు చూస్తూ కాచుకుంది. బస్సు కదిలిపోయింది. ఆ చెప్పని మాటలు తర్వాత చాలా కార్డుల్లో రాయబోయాను. కార్డులో చోటు సరిపోయేది కాదు. అది సాకు అనుకోండి.

నేను చదువుకుని, కర్నూలులో లైబ్రరీలో ఉద్యోగం చేశాను. ఎక్కువ మాట్లాడనక్కరలేని పని. పెళ్ళి చూపుల్లో రెండుసార్లు నా గొంతు విని లేచిపోయారు. మూడోసారి నేనే వద్దన్నాను. ఇప్పటికీ బాగా అలిసిపోతే ‘క’ జారిపోతుంది. ఏళ్ళ తరబడి ఎమ్మిగనూరు వెళ్ళలేదు. దూరం ఎక్కువేం కాదు. అందుకే ఎప్పుడైనా వెళ్ళొచ్చులే అనుకున్నాను.

ఈమధ్య మా పక్కవాటా వాళ్ళ మనవరాలికి మాట సరిగా రాకపోతే, తోడుగా నేనూ ఆస్పత్రికి వెళ్ళాను. అక్కడ స్పీచ్ థెరపిస్టు, చిన్న వయసు అమ్మాయి, పాప పెదవుల ముందు సన్న కాగితం ముక్క పట్టుకుని ‘ప’ అనమంది. బొమ్మల కార్డులు పరిచి, మాటల్ని ముక్కలు చేసి చప్పట్లు కొట్టించింది. బొమ్మల కింద ఉన్న అక్షరాలు చూపించింది. మాట రాని పిల్లలకు చదువు కూడా వెనకబడుతుందని, రెండూ కలిపే నేర్పాలని తల్లికి చెబుతోంది. ఇప్పుడు ఈ పనికి ఒక చదువుంది, ఒక పేరుంది. నేను లేచి వరండాలోకి వచ్చేశాను. ఆ పాప తల్లి, నాకు ఒంట్లో బాగాలేదేమో అనుకుంది.

ఆ వారమే ఎమ్మిగనూరు వెళ్ళాను. అదే ఆఖరు. టీచరమ్మకు చూపు మందగించింది. పేపరు చదివి పెట్టమంది. మొదటి పేజీ నుంచి చివరి దాకా, ప్రకటనలతో సహా చదివాను. మధ్యలో ఒకచోట చెయ్యెత్తి ఆపింది.

“ఆ ట ఇంకొంచెం గట్టిగ అను.”

డెబ్బై దాటినదాన్ని. మళ్ళీ అన్నాను. “ఆఁ, ఇప్పుడు బాగుండాది. సదువు” అంది.

మంగళవారం మధ్యాహ్నానికి నేను చేరుకున్నాను. వీధివాళ్ళే అన్నీ చేశారు. అయిపోయాక ఫోను చేసినామె నాకు నీళ్ళ చెంబు అందిస్తూ, “మీరేమైతారమ్మా ఆమెకు?” అని అడిగింది. మామూలుగా అడగవలసిన మాటే. నేను నోరు తెరిచాను. ఏ మాట చెప్పాలో తెలియలేదు. ఆమె కొంచెంసేపు చూసి, పెద్దావిడకు దుఃఖం అడ్డం పడిందనుకుని, చెంబు అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

బస్సుకు ఇంకా గంట ఉంది. వీధిలోకి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. ఆ వీధిలో మగ్గాలు ఇప్పుడు ఒకటో రెండో. ఎవరో అప్పుడే రంగు వేసిన నూలు పోగుల చిలపలను వెదురు బొంగు మీద ఆరేసి పోయారు. ఎర్రటి నీళ్ళు బొట్టు బొట్టుగా రాలి దుమ్ములో ఇంకిపోతున్నాయి. గాలి వచ్చినప్పుడు చిలపలన్నీ ఒకేసారి ఒక పక్కకు ఒరిగి, గాలి ఆగాక ఒక్కొక్కటే మళ్ళీ నిలువుగా వేలాడుతున్నాయి. వీధిలో ఎవరూ లేరు.